దేవ్ దీపావళికి కాశీ వెళ్తున్నారా? బోటు గోల వదిలేసి నడిచి చూడండి

కార్తీక పౌర్ణమి సాయంత్రం కాశీలో ఘాట్‌లన్నిటి మీదా దీపాలు పెడతారు కదా, దాన్నే అక్కడివాళ్ళు దేవ్ దీపావళి అంటారు, మన దీపావళి అయిన పదిహేను రోజులకి వస్తుంది. వెళ్దామనుకునే మనవాళ్ళు మొదట అడిగేది బోటుకి ఎంతవుతుంది అనే. ఆ రోజు బోటు రేటు వింటే కళ్ళు తిరుగుతాయి, పోనీ పెట్టుకున్నా నది నిండా పడవలే, ఒకదానికొకటి రాసుకుంటూ ఉంటాయి, దూరం నుంచి గట్టు మొత్తం వెలుగు తోరణంలా కనిపిస్తుంది, బానే ఉంటుంది, కాదనను. కానీ అసలు సంగతంతా మెట్ల మీద ఉంది. మోకాళ్ళు సహకరించేవాళ్ళు నడిచే చూడాలి అంటాను నేను.

ముందు డేట్ చూస్కోండి. సాయంత్రం పౌర్ణమి తిథి ఉన్న రోజే దీపాలు పెడతారు, కాబట్టి క్యాలెండర్లో పౌర్ణమి అని కనిపించింది కదా అని టికెట్ కొట్టేయకుండా కాశీలో ఏ రోజు చేస్తున్నారో కనుక్కుని అప్పుడు బుక్ చేస్కోండి. రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే ఓపెన్ అవుతుంది. సికింద్రాబాద్ నుంచి దానాపూర్ ఎక్స్‌ప్రెస్‌లో అయితే మొగల్‌సరాయ్‌లో దిగాలి, ఇప్పుడు దాని పేరు దీన్ దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్, అక్కడి నుంచి గంగ దాటి ఊళ్ళోకి రావాలి, పండగ రోజు మధ్యాహ్నం దిగితే ట్రాఫిక్‌లోనే సాయంత్రం అయిపోతుంది, ముందు రోజే చేరిపోండి.

రూమ్ కేదార్ ఘాట్, పాండే హవేలీ, సోనార్‌పురా వైపు దొరికితే మీ అంత అదృష్టవంతులు లేరు. మానససరోవర్ ఘాట్ దగ్గర ఆంధ్ర ఆశ్రమం ఉంది, ఆ చుట్టుపక్కల పూలమ్మేవాళ్ళ నుంచి పడవవాళ్ళ దాకా తెలుగు మాట్లాడేస్తారు. కార్తీకమాసం కదా, రూములు చాలా ముందే నిండిపోతాయి, ఫోన్ చేసి కన్ఫర్మ్ చేస్కోకుండా బయల్దేరకండి.

ఇక నడక. ఘాట్‌లు 84 అంటారు, అస్సీ దగ్గర మొదలై ఉత్తరంగా రాజ్‌ఘాట్ వైపు వెళ్తాయి. ఒక్క సాయంత్రంలో అన్నీ చుట్టేద్దాం అని మాత్రం పెట్టుకోకండి, జనంలో ఇరుక్కుని ఏదీ చూడలేరు. అస్సీ నుంచి కేదార్ వరకు చాలు, రెండు కిలోమీటర్ల లోపే. మూడున్నరకల్లా అస్సీలో ఉండండి, నవంబర్లో అక్కడ ఐదు దాటగానే సూర్యుడు దిగిపోతాడు, వెలిగించడం అయిపోయాక వచ్చేవాళ్ళకి దీపాలే కనిపిస్తాయి, వెలిగించడం కనిపించదు, నాకేమో ఆ వెలిగించడం చూడటమే ఎక్కువ ఇష్టం. మెట్టు మెట్టుకీ అంచున ప్రమిదలు వరసగా పేర్చుకుంటూ పోతారు కుర్రాళ్ళు, వెనక ఇంకొకడు నూనె పోసుకుంటూ వస్తాడు, ఒత్తి మొత్తం నూనెలో ముంచి కొస మాత్రం బయటికి లాగి పెట్టాలి, గాలికి ఒకటి ఆరితే పక్క ప్రమిద తీసి దాన్ని మళ్ళీ వెలిగిస్తారు. మేమూ పెడతాం అంటే కాదనేవాళ్ళు తక్కువ, రెండు హిందీ ముక్కలు వస్తే చాలు.

ఘాట్‌లన్నీ తూర్పు ముఖంగా ఉంటాయి, అవతలి ఒడ్డున ఊరు లేదు, ఇసకే. పౌర్ణమి కాబట్టి ఇటు పొద్దు గుంకే వేళకి అటు ఇసక మీద నుంచి చంద్రుడు పైకొస్తాడు. ఆ టైంకి ఫోన్ జేబులో పెట్టేసి ఎక్కడో ఒకచోట కూర్చోండి.

దారిలో చేత్ సింగ్ ఘాట్ వస్తుంది, పెద్ద కోట గోడ. 1781లో ఈస్టిండియా కంపెనీ గవర్నర్ జనరల్ వారెన్ హేస్టింగ్స్‌తో గొడవై కాశీ రాజు చేత్ సింగ్ తప్పించుకుని పారిపోయింది ఇక్కడి నుంచే. ఈమధ్య ఏళ్ళలో ఈ గోడ మీద లైట్ షో వేస్తున్నారు, జనం అక్కడ గడ్డకట్టుకుపోతారు, నాకు అంత నచ్చలేదు, ఒకసారి చూసి ముందుకి నడవండి. తర్వాత హరిశ్చంద్ర ఘాట్. పండగైనా అక్కడ చితులు ఆగవు, పక్కనే దీపాలు కూడా పెడతారు, దయచేసి ఫోటోలు తీయకండి, ఆగి చూడకండి కూడా. అది దాటగానే విజయనగరం ఘాట్, మన విజయనగరం రాజుల పేరే, ఆ పక్కనే ఎరుపు తెలుపు చారల మెట్లతో కేదార్ ఘాట్. 365 ఒత్తులు తెచ్చుకున్నవాళ్ళు ఇక్కడ వెలిగించుకోవచ్చు, కాకపోతే అగ్గిపెట్టె ఫ్లైట్‌లో తీసుకెళ్ళనివ్వరు, అక్కడే కొనుక్కోండి.

కేదార్ దాటాక, గంగా హారతి ఇచ్చే దశాశ్వమేధ్ ఘాట్ దాకా తక్కువ దూరమే కానీ ఆ రోజు హారతి టైంకి అటు వెళ్ళడం అంటే తోపులాటే, పోలీసులు దారి మూసేస్తారు కూడా. హారతి ఎలాగూ రోజూ ఉంటుంది, మర్నాడు చూడండి. తప్పదు అంటే గట్టు మీద నుంచి కాకుండా వెనక బెంగాలీ టోలా సందులోంచి ప్రయత్నించండి.

రెండోసారి వెళ్ళేవాళ్ళు అస్సీ వైపు మానేసి పంచగంగా ఘాట్‌కి వెళ్ళండి. ఇప్పుడు చూస్తున్న ఈ దీపాల పండగ 1985లో మొదలైంది అక్కడే అంటారు. అహల్యాబాయి హోల్కర్ కట్టించిన రాతి దీపస్తంభం ఉంది, హజారా అంటారు, హజార్ అంటే వెయ్యి కదా, పేరుకి తగ్గట్టే ఒళ్ళంతా ప్రమిదలు పెట్టే చోట్లే, పౌర్ణమికి అది మొత్తం వెలుగుతుంది. కార్తీకమంతా వెదురు గడల చివర బుట్టల్లో ఆకాశదీపాలు కూడా కడతారు అక్కడ. గట్టెంట పోకుండా మైదాగిన్ వైపు నుంచి కాలభైరవుడి గుడి మీదుగా సందుల్లోంచి దిగడం సులువు, మెట్లు మాత్రం బాగా నిటారు, పెద్దవాళ్ళని తీసుకెళ్ళకండి.

చీర కుచ్చిళ్ళు, చున్నీలు, పిల్లల లంగాలు జాగ్రత్త, దీపాలు కాలి దగ్గరే ఉంటాయి, సింథటిక్ వద్దు, కాటన్ కట్టుకుని కొంగు దోపేయండి. నూనె ఒలికి మెట్లు జారుతుంటాయి, గ్రిప్ ఉన్న చెప్పులు వేస్కోండి. జనంలో ఫోన్లు సరిగ్గా కలవవు, అందుకని తప్పిపోతే ఎక్కడ కలుసుకోవాలో ముందే అనుకోండి, ప్రతి ఘాట్ పేరూ గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది కాబట్టి "గుడి దగ్గర" అనకుండా ఘాట్ పేరే చెప్పండి, కాశీలో గుడి లేని చోటేది?

తిరిగొచ్చేటప్పుడు దశాశ్వమేధ్ దగ్గరి గొదౌలియా చౌరస్తా వైపు ఆటో కోసం వెతక్కండి, బండ్లు ఆపేస్తారు. కేదార్ నుంచి సందులోంచి సోనార్‌పురా మెయిన్ రోడ్డు మీదకి వచ్చి, లంక అనే పేట వైపు కాస్త నడిస్తే టోటోలు, అంటే బ్యాటరీ రిక్షాలు, దొరకొచ్చు, రేటు ఎక్కకముందే మాట్లాడుకోండి.