మధ్యాహ్నపు ఎండలో తీసిన గుడి ఫొటోను సరిచేయడం

రామప్ప గుడి దగ్గర మిట్టమధ్యాహ్నం తీసిన ఫొటోలో ఆకాశం పాలిపోతుంది, నల్లరాతి మదనికల (స్త్రీ శిల్పాల) ముఖాలు నీడలో కలిసిపోతాయి. బాగుచేయడానికి ఫోన్‌లో స్నాప్‌సీడ్ అనే ఫొటో ఎడిటింగ్ యాప్ చాలు.

ముందు వంకర తీయండి. గుడి వెనక్కి వాలినట్టుంటే పర్‌స్పెక్టివ్ టూల్‌తో స్తంభాలను నిటారుగా నిలబెట్టండి. ఖాళీ అయిన అంచులను యాప్ తనే పూరిస్తుంది, అక్కడ అతుకులు కనిపిస్తాయి. అందుకే క్రాప్ ఆ తర్వాతే.

ట్యూన్ ఇమేజ్ టూల్‌లో హైలైట్స్ (వెలుగు భాగాలు) -40, షాడోస్ (నీడ భాగాలు) +30తో మొదలుపెట్టండి. షాడోస్ మరీ పెంచితే చీకటి భాగాల్లో రంగు చుక్కలు తేలతాయి. అక్కడ సెన్సర్‌కు వెలుతురే అందలేదు మరి. పూర్తిగా తెల్లబడిన ఆకాశాన్ని ఏ స్లైడరూ వెనక్కి తేలేదు, క్రాప్‌లో తగ్గించడమే దారి.

అక్కడే ఉన్న వార్మ్త్ (రంగుల వెచ్చదనం) +10 దాటిస్తే గుడి ఎర్ర ఇసుకరాయి నారింజ రంగుకు తిరుగుతుంది. శాచురేషన్ (రంగుల గాఢత) జోలికి పోకండి, పచ్చిక ప్లాస్టిక్‌లా అయిపోతుంది.

మదనిక ముఖం ఒక్కటే వెలగాలా? సెలెక్టివ్ టూల్‌లో ముఖంపై చుక్క పెట్టి, రెండు వేళ్లతో వలయాన్ని కుదించి, బ్రైట్‌నెస్ +25 ఇవ్వండి. చిన్న చిన్న వివరాలను ఎత్తిచూపే స్ట్రక్చర్ +15 శిల్పానికి బాగుంటుంది, పక్కన నిలబడ్డ మనుషుల ముఖాలకు మాత్రం వద్దు: ముడతలన్నీ బయటపడతాయి.

వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపండి, నాణ్యత తగ్గదు.