చిన్న ఊరికి మారుతున్నారా? ఇంటికంటే ముందు ఆసుపత్రుల సంగతి చూసుకోండి

అమెరికాలో డల్లాస్ నుంచో న్యూజెర్సీ నుంచో బెంటన్‌విల్‌కి మారే తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. ఆర్కాన్సా రాష్ట్రంలో వాయవ్య మూలన, వాల్‌మార్ట్ స్టోర్ల కంపెనీ ప్రధాన కార్యాలయం ఉన్న ఊరు ఇది. వాల్‌మార్ట్‌లో ఉద్యోగం ఖాయం కాగానే ఇల్లు, స్కూలు, ఇండియన్ స్టోర్ వెతుకుతారు. డాక్టరు సంగతి మాత్రం ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేనప్పుడే గుర్తొస్తుంది. గర్భిణి, పసిపిల్లలు, షుగరో గుండె జబ్బో ఉన్నవాళ్లు ఇంట్లో ఉంటే, ఇంటి లీజు మీద సంతకం పెట్టకముందే ఈ పని చేయండి.

ఈ చుట్టుపక్కల ఆసుపత్రులకు లోటు లేదు. రాజర్స్‌లో మెర్సీ, ఫేయెట్‌విల్‌లో వాషింగ్టన్ రీజినల్, స్ప్రింగ్‌డేల్‌లో 2018లో తెరిచిన ఆర్కాన్సా చిల్డ్రన్స్ నార్త్‌వెస్ట్ ఉన్నాయి. మామూలు జబ్బులకు, కాన్పులకు దూరం వెళ్లక్కర్లేదు. కానీ ఏ చిన్న ఊళ్లోనైనా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఇక్కడ కుదరని కేసుని ఎక్కడికి పంపిస్తారు? రాష్ట్రంలోని పెద్ద పిల్లల ఆసుపత్రి లిటిల్ రాక్‌లో ఉంది. కారులో మూడు గంటల పైమాటే. ఆ పెద్దాసుపత్రి కూడా మీ ఇన్సూరెన్స్ నెట్‌వర్క్‌లో (అంటే ఇన్సూరెన్స్ కంపెనీతో ఒప్పందం ఉన్న డాక్టర్లు, ఆసుపత్రుల జాబితాలో) ఉందో లేదో ఇప్పుడే చూసి పెట్టుకోండి.

కాన్పు ఉంటే పసిబిడ్డల ఐసీయూ ఏ లెవెల్‌దో అడగండి. అక్కడ అంకె పెరిగేకొద్దీ సౌకర్యం పెరుగుతుంది, 4 అన్నిటికంటే పెద్దది. ప్రమాదాల కేసులు చూసే ట్రామా సెంటర్లకు లెక్క తిరగబడుతుంది, అక్కడ లెవెల్ 1 పెద్దది. రెండూ కలగలిపేసుకుని పొరపడేవాళ్లు చాలామంది.

ఇన్సూరెన్స్ వెబ్‌సైట్‌లో డాక్టర్ల జాబితా చూసి ధీమా పడొద్దు. అందులో మానేసినవాళ్లు, ఊరు మారినవాళ్లు కూడా ఉంటారు. నేరుగా క్లినిక్‌కి ఫోన్ చేయండి. "మా ఇన్సూరెన్స్ తీసుకుంటారా?" అంటే దాదాపు ప్రతిచోటా తీసుకుంటామనే చెబుతారు. నెట్‌వర్క్‌లో లేకపోయినా బిల్లు పంపగలరు కాబట్టి అది అబద్ధమూ కాదు. కార్డు చేతిలో పట్టుకుని దానిమీద ఉన్న ప్లాన్ పేరు, నెట్‌వర్క్ పేరు చదివి, "ఈ ప్లాన్‌కి మీరు ఇన్-నెట్‌వర్కేనా? కొత్త పేషెంట్లని తీసుకుంటున్నారా? మొదటి అపాయింట్‌మెంట్ ఎప్పటికి దొరుకుతుంది?" అని అడగండి. వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. అందుకే ఊరు మారకముందే బుక్ చేసుకోవడం మంచిది. పాత డాక్టరుతో వీడియోలో మాట్లాడుకోవచ్చులే అనుకోకండి. మీరు ఉంటున్న రాష్ట్రంలో లైసెన్స్ లేకపోతే వాళ్లు మామూలుగా చూడలేరు. థైరాయిడ్, బీపీ మందులు మూడు నెలలకు సరిపడా రాయించుకుని, రిపోర్టులు, పిల్లల టీకాల రికార్డు వెంట తెచ్చుకోండి.

ఎమర్జెన్సీలో మాత్రం నెట్‌వర్క్ చూస్తూ కూర్చోకండి. దగ్గర్లో ఉన్న ఎమర్జెన్సీకి వెళ్లిపోండి, లేదా 911కి ఫోన్ చేయండి. 2022 జనవరి నుంచి అమలవుతున్న నో సర్‌ప్రైజెస్ చట్టం ప్రకారం, మామూలు ఆరోగ్య బీమా ఉన్నవాళ్ల దగ్గర నెట్‌వర్క్‌లో లేని ఎమర్జెన్సీ కూడా, నెట్‌వర్క్‌లో ఉంటే మీరు కట్టాల్సిన వాటాకి మించి వసూలు చేయకూడదు. ఇన్సూరెన్స్ ఒప్పుకునే హెలికాప్టర్ అంబులెన్స్‌కీ ఈ రక్షణ ఉంది. రోడ్డు మీద వెళ్లే అంబులెన్స్‌కి మాత్రం ఈ కేంద్ర చట్టం వర్తించదు. చిన్న ఊరి నుంచి పెద్ద ఊరికి తరలించాల్సి వస్తే ఆ బిల్లు బాగా బరువవుతుంది. మీ ప్లాన్ దానికి ఎంత ఇస్తుందో ముందే కనుక్కోండి.

అమ్మానాన్నలు వస్తున్నట్లయితే ఇంకో మాట. అమెరికా చూడటానికి వచ్చేవాళ్ల కోసం అమ్మే విజిటర్ బీమా పాలసీల్లో చాలావరకు పాత జబ్బుల ఖర్చు మొత్తం ఇవ్వవు. షరతులు చదివాకే కొనండి. ఆసుపత్రిలో వాళ్లకి ఇంగ్లిష్ ఇబ్బందైతే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగండి. ప్రభుత్వ నిధులు తీసుకునే ఆసుపత్రులు ఆ సాయం ఉచితంగా చేయాలి. ఫోన్‌లోనో వీడియోలోనో తెలుగు మాట్లాడే మనిషిని కలుపుతారు. ఛాతీ నొప్పి ఎలా ఉందో అమ్మ తన మాటల్లో చెప్పుకోగలగాలి. ఆ పని పదేళ్ల మనవడి మీద పెట్టకండి.