ఇంక్‌స్కేప్‌లో తెలుగు అక్షరాలకు బంగారు మెరుపు: ఫ్లాట్ రంగు నుంచి గ్రేడియంట్ దాకా

పెళ్లి శుభలేఖైనా పండగ ఫ్లెక్సీ అయినా పైన పెద్ద అక్షరాలు బంగారు రంగులో ఉండాల్సిందే. చాలామంది నేరుగా గ్రేడియంట్ మీద, అంటే ఒక రంగు నుంచి ఇంకో రంగుకు మెల్లగా మారే నింపుడు మీద పడతారు, అక్షరాలు ప్లాస్టిక్‌లా వస్తాయి. ముందు ఫ్లాట్ రంగుతో, అంటే అంతటా ఒకేలా ఉండే రంగుతో డిజైన్ నిలబడాలి. అది కుదిరాకే గ్రేడియంట్. ఇక్కడ చెప్పేది ఇంక్‌స్కేప్ అనే ఉచిత డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ 1.2, ఆ తర్వాతి వెర్షన్ల గురించి.

వస్తువును సెలెక్ట్ చేసి కింద ఉన్న రంగుల పట్టీలో ఏదైనా గడి మీద క్లిక్ చేస్తే ఆ రంగు లోపల నిండుతుంది. షిఫ్ట్ పట్టుకుని క్లిక్ చేస్తే అంచు గీతకు, అంటే స్ట్రోక్‌కు పడుతుంది. కచ్చితమైన రంగు కావాలంటే కంట్రోల్+షిఫ్ట్+ఎఫ్ నొక్కి ఫిల్ అండ్ స్ట్రోక్ ప్యానెల్ తెరిచి, ఆర్‌జీబీ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం) విలువలు టైప్ చేయాలి. అక్కడే ఆల్ఫా అని ఒక స్లైడర్, ప్యానెల్ అడుగున ఒపాసిటీ అని ఇంకొకటి ఉంటాయి. రెండూ ఒకటి కావు. ఫిల్ ట్యాబ్‌లోని ఆల్ఫా లోపలి రంగును మాత్రమే పలచన చేస్తుంది. ఒపాసిటీ ఫిల్‌నీ స్ట్రోక్‌నీ కలిపి మొత్తం వస్తువును పలచన చేస్తుంది. ఆల్ఫా 100 ఉన్నా రంగు వెలిసినట్టు కనిపిస్తోందంటే ఒపాసిటీ ఎక్కడుందో చూడండి.

ఇక గ్రేడియంట్. దాన్ని రెండు రంగుల మిశ్రమం అనుకుంటే తికమక తప్పదు. అది కాన్వాస్ మీద ఒక చోట మొదలై ఇంకో చోట ముగిసే గీత. ఆ గీత మీద అక్కడక్కడా రంగు స్టాప్‌లు, అంటే ఆ చోట ఏ రంగు ఉండాలో చెప్పే బిందువులు ఉంటాయి. ఎక్కువ సమస్యలు రంగుల వల్ల కాదు, గీత తప్పు చోట ఉండటం వల్ల వస్తాయి. అందుకే ప్యానెల్‌లో లీనియర్ బటన్ నొక్కి వదిలేయకండి. అలా చేస్తే గీత వస్తువు ఎడమ అంచు నుంచి కుడి అంచుకు అడ్డంగా పడుతుంది. పైగా రెండో స్టాప్ అదే రంగులో ఆల్ఫా 0తో, అంటే పూర్తి పారదర్శకంగా వస్తుంది. జీ నొక్కి గ్రేడియంట్ టూల్ తీసుకుని, కంట్రోల్ పట్టుకుని పైనుంచి కిందికి లాగండి. కంట్రోల్ పట్టుకుంటే గీత 15 డిగ్రీల మెట్లలోనే కదులుతుంది కాబట్టి నిట్టనిలువుగా వస్తుంది.

గీత మీద డబుల్ క్లిక్ చేస్తే కొత్త స్టాప్ పుడుతుంది. దాన్ని సెలెక్ట్ చేసి డిలీట్ నొక్కితే పోతుంది. దాని కచ్చితమైన స్థానం పైన టూల్‌బార్‌లోని ఆఫ్‌సెట్ గడిలో 0 నుంచి 1 లోపు ఇవ్వాలి. బంగారానికి ఈ ఐదు స్టాప్‌లతో మొదలుపెట్టండి (ముందు ఆఫ్‌సెట్, తర్వాత ఆర్‌జీబీ విలువలు):

0.00 – 122, 78, 12
0.30 – 214, 160, 50
0.48 – 255, 242, 180
0.52 – 170, 112, 24
1.00 – 236, 190, 84

ఇందులో అసలు పనిచేసేది 0.48కీ 0.52కీ మధ్య ఉన్న ఆ చిన్న ఎడం. లోహం చుట్టూ ఉన్నదాన్ని ప్రతిబింబిస్తుంది, అందుకే దాని మీద వెలుగు పక్కనే చీకటి ఠక్కున మొదలవుతుంది. ఆ రెండు స్టాప్‌లనూ 0.40, 0.70కి జరిపి చూడండి, మెరుపు పోయి పసుపు ప్లాస్టిక్ మిగులుతుంది. మరీ ఒకే చోట పెడితే కత్తితో కోసినట్టు గీత కనిపిస్తుంది. జెండా చారలకైతే అదే కావాలి, అక్షరాలకు వద్దు.

తెలుగు దగ్గరే అసలు చిక్కు. "శుభాకాంక్షలు" అని రాశారనుకోండి. క్ష కింద వత్తు వేలాడుతుంది. గీతను మొత్తం ఎత్తుకు, అంటే తలకట్టు పైనుంచి వత్తు అడుగు దాకా లాగితే, మధ్యలో రావాల్సిన మెరుపు అక్షరాల నడుముకు బదులు కాళ్ల దగ్గర పడుతుంది. వత్తుల్లేని పక్క మాటకు మెరుపు నడుము మీదే ఉంటుంది, రెండూ కలవవు. కాబట్టి వత్తును లెక్కలోకి తీసుకోకుండా, తలకట్టు నుంచి అసలు అక్షరం అడుగు దాకా మాత్రమే గీత లాగండి. వత్తు భాగం గీత బయట పడుతుంది కనుక దానికి చివరి స్టాప్ రంగే చదునుగా నిండుతుంది. అది నచ్చకపోతే టూల్‌బార్‌లో రిపీట్‌ను రిఫ్లెక్టెడ్‌కి మార్చండి. రంగులు చివరి నుంచి వెనక్కి నడుస్తాయి, వత్తుకూ ఛాయ వస్తుంది. రెండు వరుసలను ఒకే టెక్స్ట్‌గా ఉంచకండి. ఒకే గ్రేడియంట్ రెండింటి మీదా పరుచుకుని మెరుపు వరుసల మధ్య సందు దగ్గర పడుతుంది. ఏ వరుసకు ఆ వరుస విడి టెక్స్ట్ పెట్టండి.

అక్షరాలను పాత్‌గా, అంటే ఫాంట్‌తో పనిలేని గీతల ఆకారాలుగా మార్చినప్పుడు (కంట్రోల్+షిఫ్ట్+సీ) అవి విడి విడి ముక్కల గుంపుగా వస్తాయి. ఆ తర్వాత ప్యానెల్ నుంచి గ్రేడియంట్ వేస్తే ప్రతి ముక్కకూ సొంత గీత వచ్చి కూర్చుంటుంది. ముందే అన్‌గ్రూప్ చేసి పాత్ మెనూలో యూనియన్ కొట్టండి, ముక్కలన్నీ ఒకే ఆకారంగా కలుస్తాయి. కంబైన్ వద్దు. గుణింతం గుర్తు అక్షరంతో కలిసే చోట రెండు ఆకారాలు ఒకదానిమీద ఒకటి ఉంటే, కంబైన్ తర్వాత అక్కడ చిల్లు పడవచ్చు.

ముదురు గోధుమ అంచు కూడా వేస్తే బంగారం ఎత్తి కనబడుతుంది. కానీ స్ట్రోక్ సగం లోపలికి వస్తుంది, సన్నటి వత్తులు పూడుకుపోతాయి. స్ట్రోక్ స్టైల్ ట్యాబ్‌లో ఆర్డర్ దగ్గర స్ట్రోక్‌ను ఫిల్ వెనక్కి పంపండి. 2 మిల్లీమీటర్ల అంచు ఇస్తే బయట 1 మిల్లీమీటరే కనబడుతుందని గుర్తుంచుకుని మందం ఎంచుకోండి.

వస్తువును జరపగానే రంగు మొత్తం ఒకే ఛాయకు మారిపోయిందా? సెలెక్ట్ టూల్ పైన, వస్తువుతో పాటు గ్రేడియంట్‌నూ కదిపే బటన్ ఆపి ఉంటుంది. వస్తువు వెళ్లిపోయింది, గీత పాత చోటే ఉండిపోయింది. ఒక స్టాప్ రంగు మార్చబోతే గ్రేడియంట్ అంతా పోయి ఫ్లాట్ అయిందంటే, గ్రేడియంట్ టూల్‌లో ఆ స్టాప్‌ను సెలెక్ట్ చేయకుండానే పట్టీ మీద క్లిక్ చేశారన్నమాట. కంట్రోల్+జెడ్ కొట్టి మళ్లీ చేయండి.

నేపథ్యానికి గ్రేడియంట్ వేసేటప్పుడు రంగుల లెక్క చూసుకోవాలి. నీలం (0, 0, 255), పసుపు (255, 255, 0) కలిస్తే మధ్య బిందువు దాదాపు 127, 127, 127. అంటే అచ్చమైన బూడిద రంగు. 0.5 దగ్గర 0, 190, 130 లాంటి ఆకుపచ్చ స్టాప్ పెడితే ఆ మురికి పోతుంది. తెలుపు నుంచి పారదర్శకానికి వెళ్లేటప్పుడు రెండో స్టాప్ కూడా తెలుపే ఉండి ఆల్ఫా మాత్రం 0 కావాలి. అక్కడ నలుపు ఉంటే, ఆల్ఫా 0 అయినా సరే, మధ్యలో మసి మరక వస్తుంది.

మరీ దగ్గరి రంగులు తీసుకుంటే చారలు కనిపిస్తాయి. 10, 20, 60 నుంచి 10, 20, 80కి వెళ్తే మధ్యలో ఉన్నవి 20 మెట్లే. 3000 పిక్సెళ్ల వెడల్పులో ఒక్కో మెట్టు 150 పిక్సెళ్ల పట్టీ అవుతుంది. రంగుల మధ్య తేడా పెంచండి, లేదా గ్రేడియంట్ పరిచే వెడల్పు తగ్గించండి.

ప్రింటింగ్ షాపుకు పంపేటప్పుడు పీడీఎఫ్‌గా సేవ్ చేసి, ఆ డైలాగ్‌లో టెక్స్ట్‌ను పాత్‌లుగా మార్చే ఎంపిక పెట్టండి. అక్కడ ఎక్కువగా కోరెల్‌డ్రాలో తెరుస్తారు, మీ ఫాంట్ వాళ్ల దగ్గర ఉండకపోవచ్చు. వెనక ఒకే రంగు నేపథ్యం ఉన్నచోట ఆల్ఫా 0 స్టాప్‌కు బదులు నేరుగా ఆ నేపథ్య రంగునే వేయండి. పారదర్శకత తేడాగా తెరుచుకునే ఇబ్బంది ఉండదు. మెష్ గ్రేడియంట్ (గీతకు బదులు వల మీద రంగులు పరిచే రకం) వాడి ఉంటే ఆ భాగాన్ని పీఎన్‌జీగా మార్చే పంపండి, వెబ్ బ్రౌజర్లు కూడా దాన్ని నేరుగా చూపించవు. స్క్రీన్ మీద మెరిసే 0, 0, 255 నీలం సీఎంవైకేలో, అంటే ప్రింటింగ్‌కు వాడే నాలుగు సిరాల పద్ధతిలో, ఊదా వైపు వాలుతుంది. పెద్ద ఫ్లెక్సీ అయితే బంగారం, నేపథ్యం రెండూ పడేలా ఒక అడుగు ముక్క ముందు కొట్టించి చూడండి.