బ్రిస్కెట్ ముందే అయిపోతే ఐస్‌బాక్స్‌లో పెట్టండి

టెక్సాస్‌లో ఉంటూ ఇంట్లో బార్బెక్యూ చేసేవాళ్లకి ఇది పనికొస్తుంది. బ్రిస్కెట్ (ఆవు రొమ్ము భాగం మాంసం) మధ్యాహ్నానికే ఉడికిపోతుంది, వచ్చేవాళ్లేమో సాయంత్రం గానీ రారు. ఈలోగా కోసి పెడితే ముక్కలు ఎండిపోతాయి.

లోపల 203 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గరికొచ్చి, థర్మామీటర్ పుల్ల వెన్నలోకి దిగినట్టు దిగితే స్మోకర్ (పొగతో మాంసం వండే పొయ్యి) లోంచి తీసేయండి. అంకె కంటే ఆ మెత్తదనాన్నే నమ్మండి. చుట్టిన కాగితం విప్పి 180కి దిగేదాకా ఆవిరి పోనివ్వండి, లేకపోతే ఐస్‌బాక్స్‌లో కూడా ఉడుకుతూనే ఉంటుంది. ఐస్‌బాక్స్ చల్లదనాన్నే కాదు, వేడినీ పట్టి ఉంచుతుంది. ఈలోగా ఐస్ లేని ఖాళీ ఐస్‌బాక్స్‌లో వేడినీళ్లు పోసి, కాసేపుంచి, పారబోసి తుడవండి. మాంసాన్ని మళ్లీ బుచర్ పేపర్ (మాంసం చుట్టే మందపాటి కాగితం) లో చుట్టి, పాత తువ్వాళ్లు రెండు కప్పి మూత బిగించండి. థర్మామీటర్ వైరు లోపలే ఉంచితే మాటిమాటికీ తెరవక్కర్లేదు. మూడు నాలుగు గంటలు వేడిగానే ఉంటుంది. 145-150 మధ్య కోస్తే రసం పలక మీదికి కారిపోదు. పీచుకి అడ్డంగా, పావు అంగుళం మందాన, అందరూ కూర్చున్నాకే కోయండి.

మూడు నాలుగు పౌండ్ల చిన్న ముక్కకి ఇది కుదరదు, త్వరగా చల్లారిపోతుంది. దాన్ని 170 డిగ్రీల ఓవెన్‌లో ఉంచడం మేలు. ఏ ముక్కైనా 140కి దిగేలోపే పెట్టెలోంచి తీసి వడ్డించేయండి.