కర్తరికి ముందు మిద్దెతోటలో తైలాల పిచికారీ: జాగ్రత్తలు

చెన్నై పెరంబూరులో మాకు తెలిసిన వారు పోయిన వారం పిండినల్లి కోసమని వంగ, బెండ మొక్కలపై నీలగిరి తైలం చల్లారు. మరునాటికి చివరి వరుస కుండీల్లో ఆకులన్నీ మాడిపోగా, మొదటి వరుసలో పిండినల్లి ఎక్కడిదక్కడే ఉంది. మోతాదు ఎక్కువైందని వారు అనుకుంటున్నారు కానీ, అసలు తప్పు తైలాన్ని నేరుగా నీళ్లలో పోయడం.

నీలగిరి, నిమ్మగడ్డి తైలాలు నీటిపై తేలుతాయి. పిచికారీ గొట్టమేమో డబ్బా అడుగు నుంచి పీలుస్తుంది. అందుకే మొదటి కుండీలకు వట్టి నీరు, చివరి వాటికి చిక్కని తైలం చేరుతాయి. లవంగ నూనెతో వ్యవహారం తలకిందులవుతుంది: అది నీటికన్నా బరువు కనుక అడుగుకు దిగి, ముందు వరుసనే మాడుస్తుంది. అందులోని యూజినాల్ అనే ఘాటు పదార్థాన్ని కలుపు మందుగానూ వాడతారు మరి.

లీటరు నీటికి 2 మి.లీ. తైలం చాలు. దానిని ముందుగా చిక్కని కుంకుడు రసంలో వేసి పాలలా తెల్లబడే వరకు గిలకొట్టి, ఆ తర్వాతే నీటిని కొద్దికొద్దిగా చేర్చాలి. పది నిమిషాలు కదపకుండా ఉంచితే పైన రంగుల తెట్టు కట్టినా, అడుగున బొట్లు చేరినా అది కలవనట్టే, చల్లవద్దు. వేపనూనెకూ ఇదే నియమం.

మే 4న కర్తరి మొదలయ్యాక చెన్నైలో సాయంత్రాలు కూడా చల్లబడవు కనుక, తెల్లవారుజామున, తేనెటీగలు రాకముందే పని ముగించాలి. ఈ తైలాలు తగిలిన పురుగుపైనే పనిచేసి త్వరగా ఆవిరైపోతాయి. ఆకు అడుగు భాగం తడవకపోతే చల్లినా వృథాయే.

ముందు ఒక్క ఆకుపై చల్లి రెండు రోజులు చూడండి. గంధకం చల్లిన మొక్క జోలికి మూడు వారాల వరకు పోవద్దు. నీళ్లు పోయని మొక్కపై చల్లవద్దు. నీళ్లలో నేరుగా పోయవద్దు, డబ్బాను ఎంత ఊపినా సరే. పొయ్యి వెలుగుతున్న వంటగది కిటికీ పక్కన చల్లవద్దు. చేపల తొట్టిపై మూత వేయండి. పిల్లి తిరిగే ఇంట్లో ఈ తైలాలు వద్దే వద్దు. మిగిలిన తైలాన్ని మంచినీళ్ల సీసాలో పోసి పెట్టవద్దు. గాజు సీసాలో పోసి, తాళం వేసిన బీరువాలో ఉంచండి. ఒక టీస్పూను నీలగిరి తైలం కడుపులోకి పోయినా పసిపిల్లలకు మూర్ఛ రావచ్చు. మింగితే వాంతి చేయించవద్దు, సీసాతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.