చిన్న కోణ పరిక్షేపణం, 5వ పాఠం: గీత తిన్నగా వచ్చిందని సంబరపడకండి

ప్రోటీన్ ద్రావణం గుండా ఎక్స్‌రేలో న్యూట్రాన్లో పంపి, అవి చిన్న కోణాల్లో ఎంత చెదిరాయో చూసి అణువు సైజు కట్టడమే ఈ పాఠాల పని. ఈసారి క్రాట్కీ ప్లాట్ (ప్రోటీన్ మడత ఎంత బిగువుగా ఉందో చూపే గ్రాఫ్) మొదలుపెడదామనుకున్నాను. పోయిన పాఠం అభ్యాసానికి మీరు పంపిన జవాబులు చూశాక దాన్ని పక్కన పెట్టక తప్పలేదు. ఇచ్చిన ఫైలు ఒకటే, అడిగిన ప్రశ్న ఒకటే: ఈ ప్రోటీన్ భ్రమణ వ్యాసార్థం (ఆర్‌జీ, అంటే అణువు దాని కేంద్రం నుంచి సగటున ఎంత దూరం పరుచుకుందో చెప్పే కొలత) ఎంత? జవాబులు మాత్రం 14.5, 1.45, 9.6, 7.2, 91. ఒకరైతే 9.6 రాసి, పక్కన "చిన్న ప్రోటీన్ కదా, సరిపోతుంది" అని సర్టిఫికెట్ కూడా ఇచ్చేశారు.

రావలసింది 14.5 ఆంగ్‌స్ట్రామ్‌లు, దశాంశంలో కాస్త అటూ ఇటూ. మిగతావి ఎక్కడ పుట్టాయో మీ లెక్కలు చూడకుండానే చెప్పొచ్చు. 1.45 తప్పేం కాదు, నానోమీటర్లలో వేశారు. యూనిట్ రాయకపోవడమే తప్పు. 9.6 వేసినవాళ్లు 10 ఆధారంగా ఉన్న లాగరిథమ్ తీసుకున్నారు. గినియే సమీకరణం ప్రకారం చెదిరిన తీవ్రత లాగరిథమ్‌ని క్యూ (చెదిరిన కోణం నుంచి కట్టే అంకె) వర్గానికి ఎదురుగా గీస్తే తిన్నటి గీత వస్తుంది, దాని వాలు నుంచి ఆర్‌జీ వస్తుంది. అందులో ఉన్నది సహజ లాగరిథమ్. ఆధారం మారితే వాలు 2.303 రెట్లు తగ్గుతుంది, ఆర్‌జీ దాని వర్గమూలం మీద ఆధారపడుతుంది కాబట్టి 1.52 రెట్లు తగ్గుతుంది. స్ప్రెడ్‌షీట్‌లో లాగ్ అని కొడితే 10 ఆధారంది వస్తుంది, పైథాన్‌లో అదే పేరు సహజ లాగరిథమ్‌ని ఇస్తుంది. ఇక 7.2: ఫైల్లో నేనిచ్చింది 2 తీటా, అంటే కిరణం చెదిరిన మొత్తం కోణం. దాన్ని సగం చేయకుండా సైన్ కట్టేశారు, క్యూ రెట్టింపైంది, ఆర్‌జీ సగమైంది. 91 వేసినవాళ్లు క్యూకి 4 పై సైన్ తీటా / ల్యాంబ్డా (ల్యాంబ్డా అంటే తరంగదైర్ఘ్యం) బదులు 2 సైన్ తీటా / ల్యాంబ్డా వాడారు. కొన్ని పాత పుస్తకాల్లో అలాగే ఉంటుంది. రెండింటికీ తేడా 2 పై, అంటే 6.28 రెట్లు.

ఇది మీ ఒక్కరి తిప్పలే కాదు. ఈ రంగంలో పనిచేసేవాళ్లంతా కలిసి నడుపుకునే క్యాన్‌సాస్ వర్క్‌షాపుల్లో డేటా ఫార్మాట్ గురించి అంత చర్చ జరిగింది ఊరికే కాదు. వాళ్ల ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫార్మాట్‌లో క్యూకి, తీవ్రతకి పక్కన యూనిట్ రాసి తీరాలి. మీరు ఏ ఫార్మాట్ వాడినా ఒక పని చేయండి: అదే సెటప్‌లో తీసిన సిల్వర్ బెహెనేట్ (కొలతలు సరిచూసుకోవడానికి వాడే పొడి) ఫైలు తెరవండి. దాని పొరల మధ్య దూరం 58.38 ఆంగ్‌స్ట్రామ్‌లు. మొదటి శిఖరం 0.1076 దగ్గర ఉంటే మీ క్యూ విలోమ ఆంగ్‌స్ట్రామ్‌లలో ఉన్నట్టు. 1.076 దగ్గర ఉంటే విలోమ నానోమీటర్లు. 0.0171 దగ్గర ఉంటే ఎవరో 2 పై మింగేశారు. నిమిషం పట్టదు.

గినియే గీత గీయడం, వాలు నుంచి ఆర్‌జీ తీయడం మళ్లీ చెప్పను, 4వ పాఠంలో ఉంది. ఎంతవరకు గీయాలన్నదే గుర్తుచేస్తాను. గుండ్రటి కణాలకు క్యూ × ఆర్‌జీ 1.3 దాటకూడదు, పొడుగాటి వాటికి 0.8 దగ్గరే ఆగడం మేలు. ఆర్‌జీ తెలియకుండా హద్దు తెలియదు, హద్దు తెలియకుండా ఆర్‌జీ రాదు. అందుకే ఒక అంచనాతో మొదలుపెట్టి, గీత గీసి, వచ్చిన ఆర్‌జీతో హద్దు మార్చి, మళ్లీ గీయాలి. అంకె కదలడం ఆగేదాకా ఇదే పని. నేను వాడే అడ్డదారి ఒకటుంది: 1.3 దగ్గర తీవ్రత ఎప్పుడూ ఐ(0)లో (అంటే క్యూ సున్నా దగ్గర తీవ్రతలో) సుమారు 57 శాతమే ఉంటుంది, కణం ఎంతదైనా సరే. మీ గీత చివరి పాయింటు 30 శాతం దగ్గర ఉందంటే హద్దు ఎప్పుడో దాటేశారు. పాయింట్లు సరిపడా ఉంటే నేను 1.1 దగ్గరే ఆపేస్తాను.

దాటితే ఏమవుతుంది? గోళానికి లెక్క వేసి చూడండి. 1.3 దగ్గర గినియే చెప్పే 0.569కి అసలు విలువ 0.555, పెద్ద తేడా కాదు. 2 దగ్గర మాత్రం గినియే 0.264 అంటుంది, అసలుది 0.225. గోళానికి హద్దు దాటితే ఆర్‌జీ పెరిగి కనిపిస్తుంది, మడత విడిపోయిన ప్రోటీన్‌కి తగ్గి కనిపిస్తుంది.

ఇప్పుడు నాకు నిజంగా చిరాకు తెప్పించిన రెండో ఫైలు సంగతి. అందులో మొదటి పాయింట్లు గీత మీద కూర్చోకుండా పైకి లేస్తాయి. కావాలనే అలా పెట్టాను. దాదాపు అందరూ చేసిన పని ఒకటే: మొదటి పాయింటు తీసేశారు. ఇంకా వంకర ఉంది, రెండోది తీసేశారు. గీత తిన్నగా వచ్చేదాకా అలా కోసుకుంటూ పోయి, "ఆర్-స్క్వేర్ 0.998" అని గర్వంగా రాశారు. కుదరని పాయింట్లన్నీ తీసేశాక 0.998 రాక ఏమవుతుంది? ఈ పనికి ఆర్-స్క్వేర్ వద్దు. రెసిడ్యువల్స్ (పాయింట్లకీ గీతకీ మధ్య తేడాలు) గీసి చూడండి. సున్నాకి పైనా కిందా చెల్లాచెదురుగా ఉంటే సరే. రెండు చివర్లా పైకి లేచి మధ్యలో దిగినా, దానికి తిరగబడ్డట్టు ఉన్నా ఏదో దాస్తున్నట్టే.

పైకి లేచిన ఆ పాయింట్లు చెప్పేది ఒకటే: ద్రావణంలో ముద్దలు కట్టిన ప్రోటీన్ ఉంది. ముద్దలు ఎంత తక్కువున్నా ఎంత అరుస్తాయో చూడండి. ఐ(0) అనేది గాఢత, అణుభారాల లబ్ధానికి అనుపాతంలో ఉంటుంది. బరువులో 1 శాతం ప్రోటీన్ వందేసి అణువుల ముద్దలుగా మారిందనుకుందాం. ఆ 1 శాతం నుంచి వచ్చే తీవ్రత 0.01 × 100, అంటే 1. విడిగా ఉన్న 99 శాతం నుంచి వచ్చేది 0.99. అంటే ఐ(0) దాదాపు రెట్టింపు! పాయింట్లు కోసేస్తే ముద్దలు పోవు, అవి ఉన్నాయన్న సాక్ష్యం పోతుంది.

ఇంతకన్నా మోసం చేసేది డైమర్, అంటే అంటుకున్న రెండు అణువుల జంట. 14.5 ఆంగ్‌స్ట్రామ్‌ల ఆర్‌జీ ఉన్న గోళాలు రెండు అంటుకుంటే ఆ జంట ఆర్‌జీ 23.7 అవుతుంది. ద్రావణంలో బరువులో 10 శాతం ఇలాంటి జంటలుంటే గినియే గీత కంటికి తిన్నగానే ఉంటుంది, పైకి లేవదు. ఆర్‌జీ మాత్రం 16.6 వస్తుంది. సగటు తీసేది ఆర్‌జీ వర్గానికి, అందులో జంటకి రెట్టింపు పలుకుబడి: (0.9 × 210 + 0.2 × 561) / 1.1 = 274, వర్గమూలం 16.6. దీన్ని గీత చూసి పట్టుకోలేరు. ఐ(0) నుంచి అణుభారం కట్టి, ప్రోటీన్ అసలు అణుభారంతో పోల్చాలి. దానికి తీవ్రత పరమ స్కేలులో, అంటే సెంటీమీటరుకు ఇంత అనే అసలు విలువల్లో ఉండాలి. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఎక్స్‌రేలకు నీటి విలువ సెంటీమీటరుకు 0.01632, దాంతో సరిచూసుకోండి.

మరి మొదటి పాయింట్లు ఎప్పుడూ తీయకూడదా? తీయొచ్చు, కారణం గీత గీయకముందే కనిపిస్తే. బీమ్‌స్టాప్ (నేరుగా వచ్చే కిరణాన్ని ఆపే అడ్డు) నీడ పడితే అది బఫర్ (ప్రోటీన్ లేని ద్రావణం) ఫైల్లో కూడా అదే క్యూ దగ్గర కనిపిస్తుంది, ప్రోటీన్ గాఢత మార్చినా చోటు మారదు. అలాంటివి బఫర్ తీసివేయకముందే అన్ని ఫైళ్లలోనూ ఒకేచోట కోసేయండి. ఒక్క శాంపిల్‌లోనే, ఎక్కువ గాఢత దగ్గరే ఎక్కువగా లేస్తే అది మీ శాంపిల్ జబ్బు. ఎక్స్‌రేల పనైతే మొదటి ఎక్స్‌పోజర్‌ని ఆఖరిదానితో కూడా పోల్చండి. పోనుపోను పెరుగుతుంటే కిరణాలే ప్రోటీన్‌ని పాడుచేస్తున్నాయి. న్యూట్రాన్లతో ఈ బాధ ఉండదు. మందు కంప్యూటర్లో లేదు: సెంట్రిఫ్యూజ్ చేయండి, కుదిరితే జెల్ కాలమ్ (అణువుల్ని సైజు వారీగా వేరుచేసే గొట్టం) గుండా పంపి వెంటనే డేటా తీయండి.

మొదటి పాయింట్లు లేవకుండా కిందికి దిగితే కణాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటున్నాయి. అప్పుడు మూడు నాలుగు గాఢతల్లో తీసి సున్నా గాఢతకి పొడిగించాలి. అది విడిగా ఒక పాఠం.

ఈసారి అభ్యాసానికి ఫైలు ఇవ్వను, మీరే తయారుచేయండి. గోళం వ్యాసార్థం 18.7 ఆంగ్‌స్ట్రామ్‌లు. క్యూని 0.01 నుంచి 0.30 దాకా 0.005 చొప్పున పెంచండి. ఎక్స్ అంటే క్యూ × వ్యాసార్థం. 3 × (సైన్ ఎక్స్ − ఎక్స్ × కాస్ ఎక్స్) / ఎక్స్ ఘనం, దీని వర్గమే గోళం తీవ్రత. కోణం రేడియన్లలో, డిగ్రీల్లో కాదు. దాన్ని సగం × (1 + సైన్ 2ఎక్స్ / 2ఎక్స్)తో గుణిస్తే అంటుకున్న జంట వస్తుంది. జంటల బరువు శాతం 0, 5, 10, 20గా తీసుకుని, జంట తీవ్రతను రెట్టింపు చేసి కలపండి. నాలుగింటికీ హద్దు సరిచేస్తూ ఆర్‌జీ, ఐ(0) తీయండి, రెసిడ్యువల్స్ గీయండి. 10 శాతానికి 16.6 దగ్గరగా వస్తుంది కానీ అచ్చంగా రాదు, ఎందుకో రెండు వాక్యాల్లో రాయండి. తర్వాత 20 శాతం ఫైల్లో ముందునుంచి ఎన్ని పాయింట్లు కోసినా ఆర్‌జీ 14.5కి చేరుతుందా అన్నది పట్టికగా వేసి పంపండి. ఈసారి యూనిట్లు లేని జవాబు తెరవను.