సైట్‌ని ప్రభుత్వం మూసేసిందా? ముందు ఆర్డర్ అడగండి, ఆ తర్వాత నేలపాడు వెళ్ళండి

ఒక సైటో, యూట్యూబ్ వీడియోనో, వికీపీడియా పేజీనో ప్రభుత్వం చెప్పడం వల్లే తెరుచుకోవడం లేదని అనుమానం వస్తే మనలో చాలామంది వీపీఎన్ వేసుకుని చూసేసి ఊరుకుంటారు. దాంతో మీ పని అయిపోతుంది కానీ మిగతా ఊరందరికీ ఆ పేజీ పోయినట్టే. దీని మీద కోర్టుకి వెళ్ళొచ్చు, అందుకు ఢిల్లీ దాకా పోనక్కర్లేదు, బెజవాడ వాళ్ళకైనా గుంటూరు వాళ్ళకైనా హైకోర్టు పక్కనే నేలపాడులో ఉంది. కాకపోతే కేసు వేసే ముందు పట్టుబట్టాల్సింది ఒకటుంది. మూసెయ్యమన్న ఆర్డర్ ఎవరిచ్చారు, ఏ కారణం రాసి ఇచ్చారు అన్నది బయటికి రప్పించాలి. వాక్ స్వాతంత్ర్యం మీద ఎంత గొప్ప వాదన రాసుకున్నా ఆ కాగితం ఊసు లేకపోతే కేసు గాల్లో ఉంటుంది.

ముందు అసలు బ్లాక్ చేశారా, లేక సైటే పడిపోయిందా తేల్చుకోండి. ఇంట్లో ఫైబర్ మీద, ఫోన్ డేటా మీద, ఇంకో కంపెనీ కనెక్షన్ ఉన్న పక్కింటివాళ్ళ దగ్గర తెరిచి చూడండి. కొన్ని నెట్‌వర్క్‌లలో టెలికాం శాఖ ఆదేశాల మేరకు ఆపేశామని ఒక లైను కనిపిస్తుంది, కొన్నిట్లో ఏమీ చెప్పకుండా తిరుగుతూనే ఉంటుంది. ఊని ప్రోబ్ అని ఉచిత యాప్ ఉంది, అది పరీక్షించి ఫలితాన్ని తేదీతో సహా నమోదు చేస్తుంది. స్క్రీన్‌షాట్‌లో అడ్రసు, తేదీ, టైము మూడూ కనపడాలి. తీసిన ఫోన్‌ని రీసెట్ చెయ్యకండి, ఎందుకంటే ఎలక్ట్రానిక్ రికార్డుకి భారతీయ సాక్ష్య అధినియం (కోర్టు సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ ఇవ్వాల్సి రావచ్చు.

ఇప్పుడు చట్టం. కేంద్రం ఎక్కువగా వాడేది ఐటీ చట్టంలోని 69ఎ సెక్షన్. దేశ సార్వభౌమత్వం, సమగ్రత, రక్షణ, రాజ్య భద్రత, విదేశాలతో సత్సంబంధాలు, శాంతిభద్రతలు, వీటికి సంబంధించిన నేరాలకి పురికొల్పకుండా ఆపడం, ఈ కారణాలతోనే బ్లాక్ చెయ్యాలి. పరువు నష్టం ఆ జాబితాలో లేదు, అసభ్యత లేదు, ఎవరికో ఇబ్బందిగా ఉండటం అసలే లేదు. 2009 నాటి బ్లాకింగ్ రూల్స్‌లో 8వ రూల్ ప్రకారం నోటీసిచ్చి, జవాబు చెప్పుకోవడానికి కనీసం 48 గంటలు ఇవ్వాలి. అత్యవసరమని ముందే మూసేస్తే 9వ రూల్ కింద 48 గంటల్లోపు బ్లాకింగ్ వ్యవహారాలు పరిశీలించే అధికారుల కమిటీ ముందు పెట్టాలి. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు 69ఎని నిలబెట్టింది, నిజమే, కానీ నిలబెట్టిందే ఈ రక్షణలు ఉన్నాయన్న కారణంతో. రాసినవాళ్ళు ఎవరో తెలిస్తే వాళ్ళ మాట కూడా వినాలని, రాజ్యాంగం 226వ అధికరణ కింద హైకోర్టులో రిట్, అంటే ప్రభుత్వ చర్యని సవాలు చేసే పిటిషన్, వెయ్యడానికి వీలుగా కారణాలు రాతపూర్వకంగా ఉండాలని చెప్పింది. అందుకే 69ఎ మొత్తం కొట్టెయ్యండని హైకోర్టుని అడగొద్దు, అది సుప్రీంకోర్టు తేల్చిన సంగతి. నా విషయంలో మీ రూల్స్ మీరే పాటించలేదు అన్న చోట పట్టుకోండి, వాళ్ళకి జవాబు కష్టమయ్యేది అక్కడే.

ఆర్డర్ కోసం ఐటీ మంత్రిత్వ శాఖకీ, టెలికాం శాఖకీ విడివిడిగా ఆర్టీఐ పెట్టండి, ఆన్‌లైన్‌లో 10 రూపాయలు. ఆర్డర్ కాపీ, తేదీ, సెక్షన్, నోటీసు ఎవరికి ఇచ్చారు, 14వ రూల్ కింద రివ్యూ కమిటీ ఎప్పుడు చూసింది, ఒక్కొక్కటీ వేరువేరు ప్రశ్నలుగా రాయండి. 30 రోజుల్లో సమాధానం రావాలి. 16వ రూల్ ప్రకారం గోప్యం అని తిప్పికొట్టే అవకాశమే ఎక్కువ, దానికి టెన్షన్ పడొద్దు, అలా ఇవ్వడం కుదరదన్న కాగితం కూడా కోర్టులో పనికొస్తుంది. ఆర్టీఐతో పాటే శాఖ కార్యదర్శికి ఆర్డర్ కాపీ ఇవ్వండి, పేజీ తెరవండి అని ఒక వినతిపత్రం స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి, ఎందుకంటే మాండమస్ (అధికారి తన బాధ్యత నెరవేర్చాలన్న కోర్టు ఆదేశం) అడిగినప్పుడు మీరు ముందు అధికారిని అడిగారా అన్నది జడ్జి చూస్తారు. అలాగని ఆర్టీఐలో రెండో అప్పీలు దాకా తిరుగుతూ కూర్చోవద్దు, ఆలస్యం కేసుని దెబ్బతీస్తుంది. ట్విటర్ కర్ణాటక హైకోర్టులో వేసిన పిటిషన్‌ని 2023 జూన్ 30న 50 లక్షల ఖర్చులు వేసి మరీ కొట్టేశారు, ఆదేశాలు పాటించకుండా చాలాకాలం ఉండి ఆ తర్వాత కోర్టుకొచ్చారన్నది అందులో ఒక కారణం.

పిటిషనర్ ఎవరు? రాజ్యాంగం 19(1)(ఎ) ఇచ్చే వాక్ స్వాతంత్ర్యం హక్కు పౌరులది, విదేశీ కంపెనీ అడిగితే ఆ మెట్టు మీదే ఆగిపోవచ్చు, కాబట్టి రాసినవాళ్ళో నడిపేవాళ్ళో మన పౌరులైతే వాళ్ళ పేరు ముందు పెట్టండి. ఉత్త పాఠకుడికి ఏం హక్కు అంటారేమో, సమాచారం పొందడం కూడా వాక్ స్వాతంత్ర్యంలో భాగమేనని 1995లో క్రికెట్ అసోసియేషన్ ఆఫ్ బెంగాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. టర్కీలో యూట్యూబ్ మూసేస్తే దాన్ని వాడుకునే ముగ్గురు న్యాయశాస్త్ర అధ్యాపకులు యూరోపియన్ మానవ హక్కుల కోర్టు దాకా వెళ్ళి 2015లో గెలిచారు. అదే టర్కీలో 2017 ఏప్రిల్‌లో మూసేసిన వికీపీడియా, 2019 డిసెంబర్‌లో వాళ్ళ రాజ్యాంగ న్యాయస్థానం తీర్పిచ్చాక 2020 జనవరిలో తెరుచుకుంది. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం 1914లో పుట్టింది మన బెజవాడలోనే, చదువుకునేవాడి హక్కు కోసం ఇక్కడి నుంచి కేసు పడితే అది నాకు చాలా సహజంగా అనిపిస్తుంది.

అఫిడవిట్‌లో ఆ పేజీ మీకు దేనికి కావాలో, విజయవాడలోనో గుంటూరులోనో ఏ రోజు తెరవబోతే రాలేదో స్పష్టంగా రాయించండి, 226(2) కింద ఈ హైకోర్టు పరిధిలోకి రావడానికి అదే ఆధారం. కోరేవి వరసగా ఉండాలి: ఆర్డర్ కోర్టు ముందు పెట్టాలి, నాకు కాపీ ఇవ్వాలి, నా వాదన వినాలి, రూల్స్ పాటించకపోతే రద్దు చెయ్యాలి. ఒక్క పేజీ కోసం సైటంతా మూసేస్తే అది మితిమీరిన చర్య అని విడిగా రాయండి. ఫీజు భారమైతే మహిళలు, ఎస్సీ ఎస్టీలు, దివ్యాంగులకి ఆదాయంతో పని లేకుండా న్యాయసేవల చట్టం కింద ఉచిత లాయర్ దొరుకుతారు, హైకోర్టు న్యాయసేవల కమిటీని అడగండి.

విచారణలో ప్రభుత్వం తరఫు వాళ్ళు ఆర్డర్‌ని సీల్డ్ కవర్‌లో జడ్జికి మాత్రమే ఇస్తామనొచ్చు. మీ లాయర్ చేతిలో 2023 ఏప్రిల్ 5 నాటి మీడియా వన్ (మలయాళం వార్తా చానెల్) తీర్పు ఉండాలి, దేశ భద్రత అన్న మాట అనగానే అవతలివాళ్ళకి కారణాలు చెప్పక్కర్లేదంటే కుదరదని సుప్రీంకోర్టు అందులో తేల్చింది. ఒక్కోసారి కోర్టు పేజీ తెరిపించకుండా, కాపీ ఇచ్చి కమిటీ ముందు వినమని పంపిస్తుంది. 2018లో మూసేసిన కట్నం లెక్కల వ్యంగ్య సైటు విషయంలో 2022లో ఢిల్లీ హైకోర్టు చేసిందదే. దాన్ని ఓటమి అనుకోవద్దు. ఆ కాపీలో ఉన్న ప్రతి అభ్యంతరానికీ రాతలో జవాబు పట్టుకెళ్ళండి, కమిటీ నిర్ణయం కూడా రాతలోనే కావాలని అడగండి, అప్పటికీ తెరవకపోతే ఈసారి కారణాలు చేతిలో పెట్టుకుని మళ్ళీ రిట్ వెయ్యండి.